రాజేశం విన్న రిలీజ్

సౌదీలో రాస్ తనూరా పక్కనే ఉన్న రహీమాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపు ఉండేది. అందులో పదకొండో నంబరు గదిలో ఉండే ప్లంబర్ రాజేశానికి లోకంలో కంటగింపు ఒక్కటే. పక్క మంచం మీద పడుకునే నాగేందర్ వేళ్లు.

మనిషితో తగాదా లేదు. పన్నెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి, ఒకే కూర గిన్నె. రాజేశానికి జ్వరం వస్తే గంజి కాచింది నాగేందరే. నాగేందర్‌కు పన్ను సలిపితే దమ్మాం దాకా తోడు వెళ్లింది రాజేశమే. కానీ ఆ వేళ్లు సన్నగా, పొడుగ్గా, పని చేయని వాళ్ల వేళ్లలా ఉంటాయి. సిరిసిల్ల పద్మశాలీల ఇంట పుట్టి, చిన్నతనం నుంచే మగ్గం మీద తెగిన పోగులు అతికిన వేళ్లు. దారపు కొసలు రెండు దొరికితే చాలు, మాటల మధ్యలోనే వాటిని మెలిపెట్టి ఒకటి చేసేస్తాయి. అతుకు ఎక్కడుందో వెతికినా కనిపించదు.

రాజేశానివి బెస్త చేతులు. మెట్‌పల్లి దగ్గరి చెరువులో తాతల కాలం నుంచీ వల వేసిన కుటుంబం. వల తాడు కోసిన గీతలు అరచేతుల్లో ఇంకా ఉన్నాయి. వాటి మీద ఇరవై ఏళ్ల పైపు పానా కాయలు కాయించింది. చేప సంగతి ఎవరైనా మాట్లాడితే ఆ గదిలో చివరి మాట రాజేశానిదే. నీటి మీద గీత చూసి కింద ఏ చేప తిరుగుతోందో చెప్పగలనంటాడు. చెప్పగలడు కూడా.

అలాంటిది, సముద్రంలో చేపలు పట్టడానికి రమ్మని పిలుపు వచ్చింది నాగేందర్‌కు.

పిలిచింది క్యాంపు మేనేజర్ వలీద్. సౌదీ మనిషే, ఇంజినీరు, వాళ్ల మాటలో మొహందిస్. అమెరికాలో కొలరాడోలో చదువుకున్నాడు. అక్కడ మంచు పడే రోజుల్లో నడుము లోతు ఏట్లో నిలబడి ట్రౌట్ అనే మచ్చల చేపను పట్టడం మరిగాడు. ఆ పద్ధతే వేరు. వానపాము ఉండదు, పిండి ఉండదు. గాలానికి ఈకలూ దారాలూ చుట్టి ఈగలాగా చేస్తారు. లావుపాటి దారాన్ని కొరడాలా వెనక్కీ ముందుకీ ఝుళిపించి ఆ ఈగను నీళ్ల మీద వాలుస్తారు. వలీద్ దాన్ని ఫ్లై అంటాడు, క్యాంపులో మనవాళ్లు ఈగ అనేవారు. చుట్టూ మంచు, చేతుల్లో మచ్చల చేప, ముక్కు ఎర్రబడిన వలీద్: ఆ ఫొటో అతని ఫోనులో చూడనివాడు క్యాంపులో లేడు. సౌదీలో ట్రౌట్ ఎక్కడుంది? అందుకని చలికాలంలో ఒడ్డు దగ్గరికి వచ్చే సుబైతీ చేప మీద ఆ ముచ్చట తీర్చుకునేవాడు. జనవరి వచ్చిందంటే శుక్రవారం తెల్లవారేసరికి నలుగురు స్నేహితులతో సముద్రంలో ఉండేవాడు.

నాగేందర్ ఈ కథలోకి వచ్చింది రెండేళ్ల కిందట, వలీద్ విల్లాలో. ఏసీ ఫిల్టర్లు కడగడానికి వెళ్లాడు. వలీద్ బల్ల ముందు కూర్చుని చిన్న గాలానికి ఈక కట్టబోతుంటే దారం పదే పదే తెగుతోంది. నాగేందర్ కాసేపు చూసి, చేతులు తుడుచుకుని, అడగకుండానే ఆ కొసలు తీసుకుని మెలిపెట్టి ఇచ్చాడు. వలీద్ దాన్ని దీపం కింద పెట్టి చూశాడు, లాగి చూశాడు. ఆ రోజు నుంచి వలీద్ ఈగలన్నీ కట్టేది నాగేందరే. కోడి ఈకల మధ్య సన్నటి జరీ పోగు తిప్పడం అతని సొంత ఆలోచన. నీళ్లలో అది తళుక్కుమంటే సుబైతీ ఆగలేదట.

రాజేశానికి మింగుడుపడని సంగతి ఇంకోటి ఉంది. ఆ రోజు అదే విల్లాలో, వంటింటి సింకు కింద తల పెట్టుకుని అతనూ ఉన్నాడు. బల్లకూ సింకుకూ మధ్య దూరం పది అడుగులు.

ఆ తరువాత నాగేందర్ ఎన్ని శుక్రవారాలు సముద్రానికి పోయినా రాజేశం ఒక్క ముక్క అడగలేదు. అతను వచ్చి చెప్పబోతే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మనసుకు ఒక్కటే ఊరట. ఐదుగురు మొగవాళ్లు పొద్దంతా నీళ్లలో నిలబడి ఒక్కనాడూ ఒక్క చేప ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. కొరడాతో కొడితే చేప వస్తుందా, బెదిరి పోతుంది గానీ అనుకుని హాయిగా నిద్రపోయేవాడు.

2018 జనవరి నాటికి క్యాంపులో నిద్ర తగ్గింది. విదేశీ పనివాళ్ల తలకింత అని కంపెనీ కట్టాల్సిన లెవీ ఆ నెల నుంచి పెరిగింది. సౌదీలకిచ్చిన ఉద్యోగాలను బట్టి రంగులు వేసే నితాఖత్ లెక్కలో కంపెనీ ఆకుపచ్చ అంచున వేలాడుతోంది. పసుపులోకి జారితే ఇకామాలు, అంటే పనివాళ్ల నివాస అనుమతులు, రెన్యువల్ కావని ఆఫీసులో అనుకుంటున్నారు. సౌదీ పిల్లలను ఉద్యోగాల్లో పెట్టుకోవాలి, మనవాళ్లను తగ్గించుకోవాలి. ఇంతలో ఈ కంపెనీ చూసుకునే కాలనీ పని కాంట్రాక్టు ఇంకో కంపెనీ చేతికి పోయింది. వాళ్లు పాత మనుషుల్లో పనికొచ్చేవాళ్లను తీసుకుంటామన్నారు, అయితే రిలీజ్ తెచ్చుకోవాలి. వీణ్ని మేం వదిలేస్తున్నాం, మీరు తీసుకోవచ్చని పాత యజమాని, అంటే కఫీల్, రాసి ఇచ్చే కాగితమే రిలీజ్. అది దొరికినవాడు సౌదీలో ఉంటాడు. దొరకనివాడికి ఫైనల్ ఎగ్జిట్, ఇక ఇంటిదారే.

వర్క్‌షాపు నుంచి ఒక్కరికే రిలీజ్ అన్నారు. పేరు రాయాల్సింది వలీద్. చివరికి మిగిలింది ఇద్దరు, పదకొండో గదిలో పక్కపక్క మంచాల వాళ్లు.

రాజేశానికి ఆ కాగితం ఎందుకు కావాలో క్యాంపులో అందరికీ తెలుసు. సౌదీకి వచ్చిన కొత్తలో ఊళ్లో మత్స్య సంఘం సభ్యత్వాన్ని తమ్ముడి పేరు మీద రాయించాడు. ఇంటికొకటే సభ్యత్వం. తమ్ముడికి ఇప్పుడు ఇద్దరు ఎదిగిన కొడుకులు. తిరిగి నా పేరు రాయమంటే ఇల్లు రెండు ముక్కలవుతుంది. రాయించుకోకుండా పోతే తను ఈత నేర్చిన చెరువులో తను వల వేస్తే దొంగతనం కింద లెక్క. నలభై ఎనిమిదేళ్ల వయసులో తమ్ముడి వలకు కూలి పోవాలి. ఆ మాట తలుచుకుంటేనే అతనికి అన్నం సహించేది కాదు.

ఈగలు కట్టేవాణ్ని వదులుకుని వలీద్ ప్లంబర్ పేరు రాస్తాడా? రాజేశం రోజూ తనను తాను అడిగే ప్రశ్న ఇదే.

ఆ గురువారం సాయంత్రం డ్రైవర్ ఇష్తియాక్ గదికి వచ్చాడు. ఆదోని మనిషి, వలీద్ బృందాన్ని సముద్రానికి తీసుకుపోయేది అతనే. పొయ్యీ తివాచీలూ మోసే బెంగాలీ మంచం పట్టాడనీ, రేపటికి ఇంకో మనిషి కావాలనీ చెప్పాడు. అతని మాట పూర్తి కాకముందే రాజేశం నేనొస్తానన్నాడు.

ఇష్తియాక్ ఎగాదిగా చూశాడు. "నువ్వా రాజన్నా? గడ్డకట్టి పోతావప్పా. ఆ గాలికి ఒంటెలే ముడుక్కుంటాయి."

"ఒంటెలు నీళ్లల్ల పుట్టలేదు. నేను పుట్టిన" అన్నాడు రాజేశం.

నాగేందర్ నిజంగానే సంతోషించాడు. పెట్టెలోంచి దళసరి ఉన్ని కోటు తీసి, ఇది వేసుకోమని మంచం మీద పెట్టాడు. కిందటేడు వలీద్ ఇచ్చిన కోటు అది. రాజేశం దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు. నాకు చలి లేదన్నాడు.

చలి ఉంది. ఉత్తరం నుంచి షమాల్ గాలి రెండు రోజులుగా ఆగకుండా వీస్తోంది. తెల్లవారుజామున పికప్ వెనక సీట్లో కూర్చున్న రాజేశం చేతులు చంకల్లో పెట్టుకుని పళ్లు బిగబట్టాడు. ఒడ్డు చేరేసరికి అప్పుడే వెలుగు వస్తోంది. ఆటు తీసిన నీళ్లు బూడిద రంగులో పలచగా మెరుస్తున్నాయి. రాజేశం దిగి నిలబడి కాసేపు చూశాడు. ఎడమ పక్క నాచు ఉన్న చోట నీళ్లు కొంచెం నల్లగా ఉన్నాయి. అక్కడ పల్లం ఉంటుంది, పోటు తిరిగితే చేప ముందుగా ఆ పల్లంలోకే వస్తుంది. ఏ చెరువులోనైనా అంతే. ఆ మాట పక్కనున్న నాగేందర్‌తో అన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు. తనకు తెలుసని వాడికి తెలియాలి.

ఐదుగురు మొహందిస్‌లు రొమ్ముల దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని నీళ్లలోకి దిగారు. నాగేందర్‌కూ ఒక పాత ప్యాంటు ఉంది. మెడలో ఈగల డబ్బా వేలాడేసుకుని వలీద్ పక్కన అతనూ దిగాడు, ఆసుపత్రిలో డాక్టర్ పక్కన నర్సులాగా. ఇష్తియాక్ బండిలో హీటర్ వేసుకుని నిద్రపోయాడు. రాజేశం ఒడ్డున గాలికి అడ్డంగా తివాచీ కట్టి, పొయ్యి వెలిగించి, అరబ్బుల కాఫీ గావా కాచాడు. మిరియాలూ టమాటాలూ వేసి గుడ్లు వండాడు. మధ్య మధ్య తల ఎత్తి చూసేవాడు. దారాలు గాలిలో సున్నాలు చుట్టి పడుతున్నాయి. ఒక్కటీ పల్లం దగ్గర పడటం లేదు. అందరూ కుడి పక్కన కొడుతున్నారు. ఎడమకు, ఎడమకు అని రెండు సార్లు అరిచాడు. గాలి ఆ కేకను అతని మొహం మీదే కొట్టింది.

పోటు తిరిగాక నాగేందర్ వలీద్ భుజం తట్టి చెయ్యి చాపి చూపించాడు. నాచు దగ్గరి పల్లం. వలీద్ నాలుగడుగులు అటు వేసి ఈగను విసిరాడు. మూడో విసురుకు గాలపు కట్టె వంగి విల్లయింది.

రాజేశం గరిటె కింద పడేశాడు. చేప పడిందని కాదు. నా నోటి మాట నాగేందర్ చూపుడు వేలయిందే అని. పది నిమిషాలు పెనుగులాడాక వెండి రంగు సుబైతీ నీళ్ల మీద పక్కకు ఒరిగి తళుక్కుమంది. మూడు కిలోలకు తగ్గదు. నాగేందర్ రెండు చేతులతో దాన్ని ఎత్తాడు, ఎవరో ఫోనుతో ఫొటో తీశారు. తరువాత వలీద్ మోకాలి లోతు నీళ్లలో ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. నాగేందర్ అతనికి అవతల పడ్డాడు. మాటలను మాత్రం గాలి మోసుకొచ్చి రాజేశం చెవిలో పోసింది.

"నాగిందర్! రిలీజ్. యెస్, యెస్, రిలీజ్."

అది విన్న రాజేశం ఒళ్లు నీళ్లలో దిగకుండానే తడిసినట్టయింది. నాగేందర్ నడుము వంచి వలీద్ కాళ్ల దగ్గరికి వంగడం కనిపించింది. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచాక వలీద్ అతని చెయ్యి పట్టుకుని ఊపాడు, నాగేందర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని థాంక్యూ సార్ అన్నాడు. అయిపోయింది. రిలీజ్ ఇచ్చేశాడు, వీడు కాళ్లు మొక్కాడు. నా పల్లం, నా చేప, వాడికి రిలీజ్.

అందరూ ఒడ్డుకు వచ్చాక ఐసు పెట్టెలో చూస్తే చేప లేదు. చేతిలోంచి జారి ఉంటుందనుకున్నాడు. పద్మశాలి చేతికి చేప దొరికితే ఉంటుందా? గుడ్లు బాగున్నాయని వలీద్ మెచ్చుకున్నాడు.

తిరుగు దారిలో నాగేందర్ చెబుతాడేమోనని ఎదురు చూశాడు. నాగేందర్ తనలో తను నవ్వుకుంటున్నాడే గానీ ఆ మాట ఎత్తలేదు. గదికి వచ్చి కూర వండుకున్నా ఎత్తలేదు. చివరికి రాజేశమే, ఎటో చూస్తూ, సారు ఏమన్నాడని అడిగాడు.

"ఏమంటడే, మస్తు ఖుష్ అయ్యిండు" అన్నాడు నాగేందర్. "నువ్వు చెప్పిన పల్లం గట్టిగ పనికొచ్చింది."

దాస్తున్నాడు. పన్నెండేళ్లు ఒక గిన్నెలో తిన్నవాడు దాస్తున్నాడు. రిలీజ్ వస్తే వచ్చింది, కనీసం చెప్పుంటే ఇంత మండేది కాదని రాజేశం తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పి ఉన్నా మండేది.

ఆదివారం పొద్దున ఆఫీసు తెరిచిన గంటకు రాజేశం వలీద్ గది ముందు నిలబడ్డాడు. అతని దగ్గర ఒక సంగతి ఉంది. ఇంట్లో ఏదో అవసరం వచ్చి నాగేందర్ ఆరు నెలలుగా సాయంత్రాలు రహీమా బజారులో ఒక టైలర్ దుకాణంలో జరీ పని చేస్తున్నాడు. కఫీల్ దగ్గర తప్ప బయట పని చేయడం నేరం. తనిఖీలో దొరికితే మనిషికీ చుట్టుకుంటుంది, కంపెనీకీ చుట్టుకుంటుంది. ఆ ఏడు తనిఖీలు ముమ్మరంగా ఉన్నాయి. ఈ సంగతి నాగేందర్ తరువాత తెలిసినవాడు క్యాంపులో రాజేశం ఒక్కడే.

ఇద్దరి మధ్యా మాటలు గల్ఫు హిందీలో సాగాయి. రాజేశం ముందు కొంత నసిగాడు. తరువాత కుళాయి విప్పినట్టు చెప్పేశాడు. నాగేందర్ బయట కుట్టుపని చేస్తాడు, అలాంటివాడికి మీరు రిలీజ్ ఇస్తే రేపు మీ పేరు చెడుతుంది, నేను ఉప్పు తిన్నవాణ్ని కాబట్టి చెబుతున్నానని.

వలీద్ కంప్యూటర్ మీంచి తల ఎత్తాడు. "రిలీజ్ ఎవరికిచ్చాను? ఇంకా పేరే రాయలేదు."

"శుక్రవారం సముద్రంలో మీరే అన్నరు సార్. రెండు సార్లన్నరు. ఆయన మీ కాళ్లు గూడ మొక్కిండు."

వలీద్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. ఊపిరి అందాక చెప్పాడు. రిలీజ్ చేయమన్నది చేపను. కొలరాడోలో నేర్చిన పద్ధతి అంతే, పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఇన్నాళ్లూ వలీద్ తనే వదిలేవాడు. ఈసారి పల్లం చూపించినందుకు ఆ గౌరవం నాగేందర్‌కు ఇచ్చాడు. నాగేందర్ వంగింది కాళ్లకు కాదు. చేపను నీళ్లలో పట్టుకుని, దానికి ఊపిరి అందేదాకా ఆగి వదిలాడు.

రాజేశానికి మొదట కలిగిన ఆశ్చర్యం నాగేందర్ గురించి కాదు.

"మూడు కిలోల సుబైతీని? పట్టి ఇడిసిపెట్టిన్రా?"

"అవును."

"చిన్నది గాదు గద సార్."

బెస్త ఇంట పుట్టినవాడికి తట్టని సంగతి అది. చిన్న పిల్ల చేపనైతే వదులుతారు. వంటకు వచ్చే చేపను వదిలేవాడు ఉంటాడని అతని ఏడు తరాల్లో ఎవరూ విని ఉండరు. ఇంకెవరైనా ఆ ఒడ్డున ఉండి ఉంటే బహుశా అర్థం చేసుకునేవారు. చేప గురించి అంత తెలిసినవాడు కాబట్టే రాజేశానికి అర్థం కాలేదు.

వలీద్ నవ్వు మెల్లగా ఆగింది. కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు మార్చి, ఆ కుట్టుపని సంగతి నిజమేనా అని అడిగాడు.

రాజేశం దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఎవరో అనగా విన్నాను సార్, నాకు సరిగా తెలియదు. ఆ మాట చాలు. వలీద్ ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు, నమ్మేవాడు. నాగేందర్ రిలీజ్ కొట్టేయలేదు. పల్లం చెప్పింది తనేనని కూడా దాచలేదేమో, ఎవరికి తెలుసు. రాజేశం నోరు తెరిచాడు.

అప్పుడు బల్ల మీద అది కనిపించింది. చిన్న గాజు డబ్బా. అందులో నల్లని ఈకల మధ్య జరీ పోగు తిప్పిన ఈగ. డబ్బా మీద అతికించిన కాగితంపై ఇంగ్లీషులో రెండు ముక్కలున్నాయి. రాజేశం ఇరవై ఏళ్లుగా సైన్‌బోర్డులు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు దానికి సరిపోయింది. నాగేందర్ స్పెషల్. మేనేజర్ బల్ల మీద, గాజులో, పేరు రాసి పెట్టారు. ఈ క్యాంపులో ఇరవై ఏళ్లు పైపులు వేసినవాడి పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు.

"నిజమే సార్" అన్నాడు రాజేశం. "గా డబ్బల జరీ గూడ ఆ దుకాణందే."

చేప రిలీజ్ కథ మధ్యాహ్నానికే క్యాంపంతా పాకింది. వలీదే నలుగురికి చెప్పి నవ్వాడట. అన్నం గిన్నె విప్పితే, రాజన్నా, కూరలో ముక్కను రిలీజ్ చెయ్యమంటావా అని అడిగేవారు. కథలో రెండో సగం మాత్రం ఎవరికీ తెలియదు. గురువారం పట్టిక వచ్చింది. రాజేశానికి రిలీజ్. నాగేందర్‌కు ఫైనల్ ఎగ్జిట్.

నాగేందర్‌ను అంతకు ముందే వలీద్ పిలిచి అడిగాడు, అతను ఒప్పుకున్నాడు. గదికి వచ్చి రాజేశాన్ని ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు, తెలిసినవాడు ఒక్కడే. ఆ రోజూ ఇద్దరికీ పప్పు వండాడు. తన పళ్లెం తీసుకుని బయట మెట్టు మీద కూర్చుని తిన్నాడు. వెళ్లేదాకా అలాగే తిన్నాడు.

క్యాంపులో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఇంటికి పోతుంటే మిగిలినవాళ్లు తమ ఇళ్లకు పొట్లాలు ఇచ్చి పంపుతారు. పాలపొడి, సబ్బులు, నొప్పుల నూనె, పిల్లలకు చాక్లెట్లు. పోయేవాడు కాదనకూడదు, ఉన్నవాడు ఇవ్వకుండా ఉండకూడదు. ఇవ్వలేదంటే ఇద్దరికీ చెడిందని అర్థం. నాగేందర్ ప్రయాణం రోజు సాయంత్రం పదకొండో గది ముందు జనం నిలబడ్డారు. ముప్పై మందికి పైగా వచ్చారు. ఇష్తియాక్ పొట్లాలన్నీ ఒక్కొక్కటే చేతి త్రాసుకు తగిలించి తూచాడు. ప్రతివాడూ నాగేందర్ చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి చెబుతున్నాడు. రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని రాజేశం ఒక మూల నిలబడి లెక్కేసుకున్నాడు. తను పంపించేసిన మనిషిని చూసి కూడా అతనికి కండ్లమంట తగ్గలేదు.

జనం పలచబడ్డాక నాగేందరే అతని వైపు తిరిగాడు.

"ముత్తవ్వకు ఏమన్న పంపుతవా?"

ముత్తవ్వ రాజేశం భార్య.

"ఎందుకులే. నీకు బరువైతది."

"అందరియి మోస్తున్న. నీది ఒక్కటి మొయ్యకుంటె వీళ్లంత ఏమనుకుంటరు?"

రాజేశం తలుపు వెనక నుంచి పొట్లం తీశాడు. రెండు రోజుల కిందటే కట్టి పెట్టుకున్నాడు, ఇవ్వాలా వద్దా తేలక అక్కడ దాచాడు. నాగేందర్ దాన్ని తూచకుండానే సంచిలో పెట్టి, పైన తాడు బిగించాడు. ఆ వేళ్లు ఎప్పటిలాగే చకచకా ముడి వేశాయి.

"రిలీజ్ ఎట్లొచ్చిందని ఆమె అడుగుతది" అన్నాడు తల ఎత్తకుండా. "ఏం చెప్పాలె?"

"నీ ఇష్టం" అన్నాడు రాజేశం.

నాగేందర్ సంచి భుజానికెత్తుకుని బండి ఎక్కాడు.

తరువాత తొమ్మిది రోజులు రాజేశం ఇంటికి ఫోను చేయలేదు. అటునుంచి వస్తే పనిలో ఉన్నానని పెట్టేశాడు. రిలీజ్ కాగితం ఆఫీసులో ఇచ్చి, కొత్త కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్నాడు. కార్డు మీద ఫొటో బాగా వచ్చింది. దాన్ని ముత్తవ్వకు పంపాలని రోజూ అనుకునేవాడు, రోజూ మానేసేవాడు. పదో రోజు మధ్యాహ్నం పైపుల స్టోరు వెనక నీడలో ఉండగా ఫోను మోగింది. ఇంక ఎత్తక తప్పలేదు.

నాగన్న నిన్న వచ్చిపోయాడని ముత్తవ్వ చెప్పింది. సిరిసిల్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట, పాపం. పొట్లం తాడు కూడా విప్పకుండా అప్పజెప్పాడట.

"ఏమన్నడు?" అని అడిగాడు రాజేశం.

"నువ్వు మంచిగున్నవన్నడు. నీకు రిలీజ్ వచ్చిందన్నడు."

"ఎట్లొచ్చిందో చెప్పిండా?"

"చెప్పిండు. చేప సంగతి నీ అంత ఎరుకున్నోడు ఆ ఊర్లె లేడట. సారుకు నువ్వే తావు చూపెట్టినవట గద. అందుకే నిన్ను ఇడ్వలేదన్నడు."

రాజేశం పైపు మీద కూర్చుండిపోయాడు. పది రోజులుగా గుండె మీద ఉన్న రాయి దిగిపోయింది. ముత్తవ్వ చెప్పుకుపోతూనే ఉంది. నాగన్నకు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని దొరికిందట, బతుకమ్మ చీరల ఆర్డరు ఉందట, పొద్దూకితే భార్యాపిల్లల దగ్గర ఉంటున్నాడట. మనిషి మొహంలో కళ కూడా వచ్చిందట.

"ఊరికె పంపుతమా? మీ తమ్ముడు పొద్దుగాల్నే చెరువుల కొర్రమట్ట పట్టుకొచ్చిండు. పులుసు వెట్టిన. కడుపు నిండ తిన్నడు. ఇసొంటి పులుసు జిందగిల తినలేదన్నడు."

రాజేశం ఇంటికి పోయి మూడేళ్లయింది. గడప దాటగానే కుడి పక్కన ఉండే మంచం, దాని మీద కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకున్న నాగేందర్, పులుసులో ముంచిన ఆ సన్నటి వేళ్లు, అన్నీ ఎదురుగా కనిపించాయి. దిగిన రాయి మళ్లీ ఎక్కి కూర్చుంది.

"ఎన్ని ముక్కలేసినవ్?" అని అడిగాడు.

"గదేం అడుగుడు?"

"తలకాయ ఎవలికేసినవ్?"

"ఇంటికొచ్చినోనికి గాక ఎవలికేస్తరయ్యా" అంది ముత్తవ్వ.